పద్దెనిమిదో నంబరు గుండు

తమ్ముడు క్విరిన్‌కు, దేవుని పేర పలకరించి అన్న కోర్బినియన్ రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, రెండు మేకలు, ఎదురింటి నుంచి వచ్చిపోయే పిల్లి. అక్కడ కీల్‌లో నువ్వూ మరదలూ బాగున్నారని తలుస్తాను. నా రాత సంగతి నీకు తెలుసు. బడిలో ఉన్నన్నేళ్లూ పొయ్యి పక్క బెంచీ మీద వెచ్చగా కూర్చున్నాను తప్ప నేర్చిందేమీ లేదు. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు నాలాగే మొండిది, మాట వినదు. పియర్ చెట్టు విరగకాసింది, పళ్లన్నీ కందిరీగలు తిన్నాయి. మీ వదిన ఆఫ్రా సమాధి మీద ఒరిగిన రాయిని నిలబెట్టించాను. కుడికంటికి కోత పెట్టారు. ఆ కంటితో తుపాకీ గురి చూడొద్దన్నాడు డాక్టరు. ఎడమకంటి గురించి ఏమీ అనలేదు, అందుకని ఎడమ భుజానికి ఆనించి నేర్చుకుంటున్నాను.

ఇక బీరుశాల గదిలో గురి పోటీలకు నువ్వు వాడిన గది తుపాకీ సంగతి. "అమ్మెయ్. నేనిక ఆ ఊరు రాను, అది నాకెందుకు" అని రాశావు. ఆ ముక్క మూడుసార్లు చదివాను. అమ్మమన్నావు కాబట్టి న్యూరెంబర్గ్ నుంచి డిట్‌మార్ అనే ఆయన్ని పిలిచాను. పాత ఒంటి తూటా తుపాకులు పోగుచేసే మనిషి. చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని వచ్చాడు, ప్రసవం చేయడానికి వచ్చినట్టు.

తాతయ్య చేయించిన రెండు తుపాకులూ బల్ల మీద పెట్టాను. పైకి కవలలే. వాల్‌నట్ కర్ర, వెనక భుజానికి తగులుకునే కొక్కెం, చెక్కిన జింకతో సహా అన్నీ ఒకటే. నోరు మాత్రం వేరు. నాది ఏడో నంబరు గుండు తింటుంది, నీది పద్దెనిమిది. చిన్నప్పుడు నా గుండ్లు కాజేసి నీ దాంట్లో వేసుకునేవాడివి, గుర్తుందా? ముక్కు దించగానే దొర్లి నీ బూటు మీద పడేవి.

డిట్‌మార్ కొలతలు తీసుకుని గోడకేసి చూశాడు. అక్కడ నా రాజు పలక ఉంది, గురి పోటీలో నన్ను ఆ ఏటి రాజును చేసిన పలక. యాభై ఒక్క ఏళ్లుగా ఉంది.

"పలక కూడా ఇస్తారా? కొట్టిన తుపాకీతో కలిపి పెడితే చాలా అరుదైన జత అవుతుంది" అన్నాడు.

"పలక ఇవ్వను."

"పోనీ, ఏ తుపాకీతో కొట్టారో చెప్పండి, రాసుకుంటాను."

ఇన్నేళ్లలో నన్ను ఆ ప్రశ్న ఎవడూ అడగలేదు క్విరిన్. అడిగే పని లేదనుకున్నారు. "ఆ పెద్ద నోరు దాంతో" అనేశాను.

ఆయన పుస్తకం తిరగేశాడు. "అది మీ తమ్ముడిది అన్నారు కదా. అయితే ఆయనే రాజన్నమాట" అని తాపీగా రాసుకున్నాడు. ఏదీ అమ్మకుండా కాఫీ పోసి పంపించాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను, కూర్చుని చదువు.

ఆనాడు బీరుశాల వెనక గదిలో నాకంటే ముందు నువ్వు కొట్టావు. గుర్తు చూపే లెంజ్ అప్పుడే చిటికెడు ముక్కుపొడి ఎక్కించి తుమ్ముతున్నాడు. నీళ్లు కారే కళ్లతో పలక చూసి, నల్లచుక్కలో నల్లకన్నం కనబడక, తప్పిందని జెండా ఊపాడు. తర్వాత నేను నిలబడ్డాను. తాకితే చాలు పేలే సన్నమీట బిగించి తుపాకీ ఎత్తుతుంటే, గురి కుదరకముందే వేలు తగిలి పేలింది. మూడో దూలం నుంచి చిటికెడు దుమ్ము రాలింది. అది చూసింది నేనొక్కణ్ణే. ఈలోగా లెంజ్ ముక్కు తుడుచుకుని మళ్లీ వెళ్లి చూసి, "నడిబొడ్డున" అని కేక పెట్టాడు.

"అది నాది. గుండు తీసి చూడండి" అన్నావు నువ్వు.

"రాజు పలక మీద కత్తి పెట్టకూడదు" అన్నది నేను. సంఘం పెద్దలు కాదు, నేను. తర్వాత వాళ్లూ అదే పాట పాడారు, ఓడినవాడి ఏడుపని నిన్ను చూసి నవ్వారు. వసంతానికి నువ్వు కీల్ రైలెక్కావు.

ఎందుకు నోరు విప్పలేదంటే, ఏటేటా రాజు పేరున ఒక నాణెం చేరే ఆ వెండి గొలుసు నాన్న తన చేత్తో నా మెడలో వేశాడు. నలభై ఏళ్లు కొట్టినా ఆయన రాజు కాలేదు. ఆయన కంట నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే. ఆయన పోయాక చెప్పొచ్చు. చెప్పలేదు. అప్పటికి రాజుగా ఉండటం అలవాటైంది.

మొన్న శుక్రవారం పలక చంకలో పెట్టుకుని బీరుశాలకు వెళ్లాను. ఇప్పుడు గురి సంఘానికి పెద్ద వ్రోనీ, లెంజ్ మనవరాలు. నోరు మాత్రం తాతది కాదు, కొడవలి.

జేబులోంచి కత్తి తీశాను.

"కోర్బినియన్ బాబాయ్, రాజు పలక మీద కత్తి పెడితే జరిమానా ఒక పీపా బీరు. మర్చిపోయావా?"

"పీపా చెప్పేసే వచ్చాను. తాగండి."

"నీకు మతి పోయిందా, దాహం వేసిందా?"

"నోరు మూసి స్కేలు తీసుకురా."

గుండు తవ్వి తీశాను. కత్తి వెన్ను మీద స్కేలును త్రాసులా అడ్డంగా పెట్టి, ఒక కొసన నా ఏడో నంబరు కొత్త గుండు, రెండో కొసన ఇది పెట్టాను. ఇదున్న వైపు టక్కున బల్లకు తగిలింది. ఎవరూ నవ్వలేదు. ఎవరో, "ముసలాడు తమ్ముడి మీద జాలిపడుతున్నాడే" అన్నారు. నా గుండు మూడో దూలంలో ఉందని చెప్పాను. వ్రోనీ నిచ్చెన వేసుకుని ఆ దూలం దాకా ఎక్కింది. నిమిషం తడిమి, సున్నం కింద నుంచి ఒక చిన్న సీసపు ముద్ద పెకలించి నా ముందు పడేసింది. స్కేలు మీద పెడితే ఏడో నంబరుకు సరితూగింది.

"మా తాత ముక్కుపొడి ఎంత పని చేసింది బాబాయ్" అంది.

"ముక్కుపొడి ఒక్క నిమిషమే అబద్ధమాడిందమ్మా. మిగతాది నేను" అన్నాను.

గొలుసులో ఆ ఏటి వెండి నాణెం మీద నా పేరు చెరిపి నీ పేరు చెక్కడానికి పంపింది. నేను పక్కనే నిలబడి అక్షరాలు చెప్పాను. నీ పేరు తప్పు లేకుండా రాయడం నాకు వచ్చు.

నీ తుపాకీ అమ్మలేదు. నూనె రాసి పెట్టాను. పద్దెనిమిదో నంబరు గుండ్లు పెట్టె అడుగున ముప్పై ఒకటి ఉన్నాయి. అవి ఇప్పుడు ఎక్కడా దొరకవు. జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండుగనాడు ఎప్పటిలాగే పోటీ. రమ్మని బతిమాలడం నాకు చేతకాదు, ఇప్పుడు నేర్చుకోలేను.

పలకలోంచి తీసిన నీ గుండు దూదిలో చుట్టి ఈ కవరులోనే పెట్టాను. పలక బీరుశాల గోడకు నీ పేరుతో వేలాడుతోంది, మధ్యలో కన్నం ఖాళీగా ఉంది. అందులో గుండు పెట్టాల్సింది నువ్వే. ఇంకెవరినీ వేలు పెట్టనివ్వొద్దని వ్రోనీకి చెప్పాను.

ఇట్లు,
దూలాన్ని కొట్టిన నీ అన్న,
కోర్బినియన్