కాలు మాత్రం నాది

రాజమహేంద్రవరం
1896 జూలై 9

ప్రియమైన మీకు,

కంగారు పడకండి, ప్రాణంతోనే ఉన్నాను. మొన్న బడి వదిలాక రోడ్డు వారగా నడిచి వస్తుంటే ఒక జట్కా నా మీదికి వచ్చేసింది. కుడికాలు మోకాలి కింద విరిగింది. తోలినవాడు సత్తియ్య. నన్ను ఆసుపత్రికి మోసుకెళ్ళినవాడూ అతనే. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు. గుర్రానికి ఒక కన్ను కనబడదట, బండికి మునిసిపాలిటీ లైసెన్సు లేదట.

ఇక మామూలుగా నడవలేనని డాక్టరుగారు నర్సుతో ఇంగ్లీషులో అంటుంటే విన్నాను. పంతులమ్మకు ఆమాత్రం ఇంగ్లీషు రాదనుకున్నారు కాబోలు.

మీ దేవకుమారి


రామచంద్రపురం
జూలై 30

ప్రియమైన దేవకుమారికి,

నిన్ను చూసి, ఇక్కడ షావుకారు గిడ్డంగి పనికి తిరిగి వచ్చిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. ఇక్కడ ప్లీడరును కలిశాను. మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేస్తే సత్తియ్య జైలుకు పోతాడు, మనకు ఒరిగేదేమీ లేదు. మునసబు కోర్టులో దావా అంటే జట్కా యజమాని, ఆ కలప వ్యాపారి వీరబ్రహ్మంగారి మీద వేయాలి. ఆయనేమో బండిని ఎప్పుడో సత్తియ్యకు అమ్మేశానంటున్నాడు. సత్తియ్యకు పూరిపాక తప్ప ఏముంది?

ఇక మిగిలింది రాజీ. అడ్డంగా వచ్చింది నువ్వేనని రాసిస్తే వైద్యం ఖర్చు ధర్మంగా ఇస్తాడట. రాసిచ్చెయ్యి. పెద్దవాళ్ళతో మనకెందుకు?

నీ అబ్రహాము


రాజమహేంద్రవరం
ఆగస్టు 6

ప్రియమైన మీకు,

తప్పు నాదని రాయను. ఆయన ధర్మం నాకక్కర్లేదు.

నిన్న సత్తియ్య భార్య లోవమ్మ వచ్చి మంచం పక్కన కూలబడింది. “మా ఆయన్ని జైల్లో ఏయించకండమ్మగారూ” అని ఒకటే ఏడుపు.

“ఆ గుర్రం ఎవరిది?” అన్నాను.

“ఈరబ్రమ్మంగారిదేనండి. పొద్దుగూకేసరికి బండి ఆరి లోగిలికే తోలెయ్యాలండి. మాకు కూలే కదండీ.”

“ఆ మాట సత్తియ్య కోర్టులో చెబుతాడా?”

కొంగుతో కళ్ళు తుడుచుకుని, “సెప్తే ఈ ఊళ్ళో ఇంకెవరండీ పనిచ్చేది?” అంది.

అయినా దావా వేస్తున్నాను. సత్తియ్య మీద కాదు, వీరబ్రహ్మంగారి మీద.

మీ దేవకుమారి


రాజమహేంద్రవరం
నవంబరు 20

మీకు,

ఇవాళ కోర్టులో వీరబ్రహ్మంగారి ప్లీడరు ఒక కాగితం చదివాడు. తప్పంతా నాదేనని నా తరఫున నా భర్త ఆగస్టులోనే రాసిచ్చారట. సంతకం చూపించాడు. మీ చేతిరాత నేను పోల్చుకోలేనా?

“ఏమంటావమ్మా?” అని మునసబుగారు అడిగారు.

“సంతకం మావారిదేనండి. కాలు మాత్రం నాది. నన్నడక్కుండా రాసిన మాట నాది కాదు” అన్నాను.

వచ్చే నెల పదో తేదీన మళ్ళీ విచారణ. వస్తారో రారో మీ ఇష్టం.

దేవకుమారి


రామచంద్రపురం
నవంబరు 25

ప్రియమైన దేవకుమారికి,

రాసిచ్చాను. మా షావుకారూ వీరబ్రహ్మంగారూ వియ్యంకులు. “మీ ఆవిణ్ణి అదుపులో పెట్టుకో, లేదంటే వేరే కొలువు చూసుకో” అన్నాడు. భయపడ్డాను. ఆ సంగతి నీకు చెప్పడానికి ఇంకా భయపడ్డాను.

నీ ఉత్తరం చదివి, గిడ్డంగి తాళాలు ఆయన బల్ల మీద పెట్టేశాను. పదో తేదీన వచ్చి, నీకు తెలియకుండా రాశానని అందరి ముందూ చెబుతాను.

అబ్రహాము


రాజమహేంద్రవరం
డిసెంబరు 17

ప్రియమైన మీకు,

సాక్ష్యం చెప్పి, నా ముఖమైనా చూడకుండా రామచంద్రపురం పడవకు వెళ్ళిపోయారు. తరవాత జరిగింది వినండి.

సత్తియ్యను పిలిచారు. కిందటేడాదే బండి అమ్మినట్టున్న కాగితం చూపించి, “ఈ వేలిముద్ర నీదేనా?” అని వాళ్ళ ప్లీడరు గద్దించాడు.

“నాదేనండి. ఆ స్టాంపు కాయితం కూడా నేనే కొనుక్కొచ్చానండి, అమ్మగారి కాలిరిగిన మర్నాడు” అన్నాడు.

మునసబుగారు కాగితం తిప్పి, స్టాంపులమ్మేవాడు వెనక వేసిన తేదీ చూశారు. జూలై ఎనిమిది! వీరబ్రహ్మంగారు మళ్ళీ తలెత్తలేదు.

నిన్న తీర్పు వచ్చింది. బండి ఆయనదే, బాధ్యతా ఆయనదే. అప్పీలుకు వెళతాడట. వెళ్ళనివ్వండి, నేనూ ఆ కోర్టుకు వెళతాను. సత్తియ్యకు జట్కా పని పోయింది, ఇసుక పడవల్లో కూలికి వెళుతున్నాడు. నేను కనబడితే మాత్రం తల దించుకోవడం మానేశాడు.

మీ సంతకాన్ని నేనింకా క్షమించలేదు. ఆ మాట కాగితం మీద కాదు, మీ ఎదురుగా నిలబడి చెప్పాలి. నిలబడగలుగుతున్నాను. పెట్టె సర్దుకుని ఇంటికి రండి.

మీ దేవకుమారి