మందు ఎక్కించుట గురించి

బస్సు డిపో మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మద్యం సేవించితినని నాకు ఇచ్చిన మెమో రద్దుచేసి, వచ్చే గురువారం సెలవు మంజూరు చేయుట గురించి.

ఈ డిపోలో డ్రైవరుగా పనిచేయుచున్న నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నా భార్యకు రొమ్ములో గడ్డ వచ్చినది. అది క్యాన్సరనియు, బాగా ముదిరి చంక కిందికి కూడా పాకినదనియు డాక్టరమ్మ గారు తేల్చినారు. ఇప్పుడే కోస్తే మొత్తం రాదనియు, ఆపరేషనుకు ముందు కొన్ని విడతలు మందు ఎక్కించి గడ్డను చిన్నది చేయవలెననియు చెప్పినారు. ఈ ముందూ మందూ నా నోట్లోనే కలిసిపోతుంటే, ఆఫీసులో కలిసిపోవుట వింత కాదు.

2. కాబట్టి సెలవుచీటీలో "ఆపరేషనుకు ముందు మందు ఎక్కించవలసి ఉన్నందున ఆ రోజు బండి నడపలేను" అని రాసితిని. "నా భార్యకు" అన్న మాట రాయడం మరచితిని. ఇంట్లో వేరే ధ్యాసే లేనప్పుడు మందు ఎవరికన్నది విడిగా రాయాలని తోచలేదు. గుమాస్తా గారు దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, ఈ డ్రైవరు ఆపరేషనుకు భయపడి ధైర్యం కోసం తాగుచున్నాడని తమకు నివేదించినారు.

3. రోజూ పొద్దున గేటు దగ్గర, తాగినదీ లేనిదీ చూపే గొట్టం ఊదిన తర్వాతే నా చేతికి బండి తాళం ఇస్తారు. ఏనాడూ ముల్లు కదల్లేదు. చుక్క ముట్టనని డిపోలో అందరూ నన్ను పాలసీసా అంటారు, తమరూ ఒకసారి అన్నారు. అయినను మెమో తేలేవరకు నా సెలవులన్నీ నిలిపివేయడమైనది.

4. అందువల్ల పోయిన విడతకు ఆమె వెంట మా మరదలిని పంపితిని. సూది గుచ్చే కుర్చీ దాకా వెళ్లి, "మీ బావ వస్తేనే కూర్చుంటా" అని వెనక్కి వచ్చేసినదట. నేను డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి వంటగదిలో నేలమీద చతికిలబడి ఉంది. "నోరంతా పుండే. వాంతులతో పేగులు బయటికొచ్చేలా ఉన్నాయి. మొదటి విడతల్లో మీరు పక్కనుంటే ఎలాగో ఓర్చుకున్నా. ఒక్కదాన్నే నావల్ల కాదు" అంది. గడ్డ ఇప్పుడిప్పుడే తగ్గుతోందనీ, మధ్యలో వదిలేస్తే మళ్లీ పెరుగుతుందనీ, అప్పుడు ఆపరేషనుకు కూడా లొంగదనీ డాక్టరమ్మ గారు నామీద కేకలేశారు. అయ్యా, నాకు భయంగా ఉంది. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. తాగినవాడి చేతుల్లాగే ఉన్నాయి, ఆ మాట నిజమే.

5. "ఇకమీదట మందు మానివేయుదును" అని హామీపత్రం మీద సంతకం పెడితే మెమో పోతుందని, సెలవూ వస్తుందని గుమాస్తా గారు మంచి మనసుతోనే సలహా ఇచ్చినారు. కాగితం కూడా ఆయనే టైపు చేసి పెట్టినారు. సంతకానికి నాకు చెయ్యి రాలేదు.

కావున గురువారం ఒక్కరోజు ఆమె కుర్చీ పక్కన కూర్చొనుటకు అనుమతి ఇప్పించి, ఈ పాలసీసా మాట నమ్మి చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
డ్రైవరు

మరొక మాట: ఆ హామీపత్రం నా చొక్కా జేబులో మా ఆవిడ కంటపడింది. చదివి పగలబడి నవ్వింది. జబ్బు సంగతి తెలిశాక నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి, "పెట్టేయండి సంతకం. మానేద్దాం. నేనూ అదేగా అడుగుతున్నా" అంది. తిరిగి ఇమ్మంటే ఇవ్వలేదు. కాగితం ఇంకా ఆమె దిండు కిందే ఉంది. గురువారంలోపు సెలవు ఇప్పించండి సార్.