సందేహాల నోము

నల్లగండ్ల,
సెప్టెంబరు, 2011

చిరంజీవి కళ్యాణిని అక్క పుణ్యవతి దీవించి రాయునది.

ఆ పొద్దు గుర్తుకొచ్చింది. మామూలు పొద్దే. దీపం పెట్టి, పాలు పొంగించి, నీకు జొన్నరొట్టె, మీ బావగారికి ఉప్మా చేశాను. ఆయన ఉప్మా మీద చక్కెర చల్లుకుంటే నువ్వు ముక్కు ముడిచావు. మా అబ్బాయి మధు ఒక కాలికే సాక్సు తొడుక్కుని ఆఫీసు బస్సుకు పరిగెత్తాడు. టీవీలో ఎవరో ఏదో అన్నారు. కాకినాడ మనిషి కదా, మీ బావగారు “హైదరాబాదుని కట్టింది మేమండీ” అన్నారు. “మరి మేము గన్నేండ్లు డేరాలల్ల ఉన్నమా బావా?” అన్నావు నువ్వు. రొట్టె సగంలో లేచి, చెప్పులేసుకుంటూ “తెలంగాణ వచ్చినంకనే మీ గడప తొక్కుత” అని కరీంనగర్ వెళ్ళిపోయావు.

రెండేళ్ళు కావస్తోంది. ఫోను చేస్తే మీటింగులో ఉన్నానంటావు. అందుకే ఉత్తరం.

ఇప్పుడు రోడ్డు పక్క డేరాలో కూర్చుంటున్నావట. ఏం వ్రతం అది? పద్ధతి రాయి. నేనూ చేస్తాను.

ఇట్లు,
అక్క

తా.క. నీ సగం రొట్టె పళ్ళెం ఇంకా విడిగానే ఉంచాను. కడిగాను, అనుమానపడకు.

*

కరీంనగర్

అక్కకు కళ్యాణి దండాలు.

నీ ఉత్తరం జూసి డేరాల అందరి ముంగట ముక్కు చీదిన. దుమ్ము అని చెప్పిన.

తెలంగాణ సమ్మె గద, కాలేజీ బందున్నది. లెక్చరర్లం అందరం డేరాలనే. ఉపాసం వంతులవారీగ, నా వంతు బేస్తారం. పోరగాళ్ళు ఇంట్ల ఊకె ఉండలేక నా దగ్గరికే వస్తున్నరు. వాళ్ళకు ఫిలాసఫీ మొదటి పాఠాలు పుస్తకం లేకుంట చేతలతోని చెప్తున్న. పద్ధతి అడిగినవ్ గద, రాస్తున్న.

ఎన్నడూ అనుమానపడని వస్తువొకటి నడుమ పెట్టాలె. చుట్టూ నలుగురు కూసోవాలె. “ఇది నాకెట్ల ఎర్క?” అని ఒకరెనుక ఒకరు అడుగాలె. అయ్యేదాక సెల్లు ముట్టొద్దు. లేచేటప్పుడు పక్కోళ్ళకు ఒక ప్రశ్న ఇచ్చి పంపాలె. గంతే.

నీ చెల్లె,
కళ్యాణి

తా.క. వచ్చుడు గురించి మాత్రం అడగకు. మాటంటే మాటే.

*

నల్లగండ్ల

చిరంజీవి కళ్యాణికి ఆశీస్సులు.

బేస్తవారం తలంటు పోసుకుని మొదలుపెట్టాను. పీట మీద అమ్మ ఇచ్చిన రాగిచెంబు పెట్టి పసుపు రాశాను. పై ఫ్లాటు బాలాత్రిపురసుందరి, మా వాచ్‌మన్ మల్లయ్య భార్య లచ్చమ్మ, ఇంకా ఇద్దరు ముత్తయిదువలు వచ్చారు.

చెంబు దగ్గర మొదలైంది, ఎక్కడెక్కడికో పోయింది. “పప్పుచారులో ఇంగువ మా అత్తగారు వెయ్యమన్నారని ముప్ఫయ్యేళ్ళుగా వేస్తున్నానండీ. అసలు నాకు ఇంగువ ఇష్టమని నాకెలా తెలుసు?” అని బాలాత్రిపురసుందరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “మా ఆయన ఎన్నడన్న నిజం చెప్పిండని నాకెట్ల ఎర్క?” అంది లచ్చమ్మ. మల్లయ్య గేటు వదిలి పరిగెత్తుకొచ్చాడు.

నువ్వు చెప్పినట్టే, వెళ్ళేటప్పుడు తాంబూలంలో తలా ఒక ప్రశ్న పెట్టి ఇచ్చాను.

ఫలం ఏమిటో రాయలేదు. కథ కూడా పంపు, చివర్లో చదవాలి కదా.

ఇట్లు,
అక్క

తా.క. నైవేద్యం చెప్పలేదు. పులిహోర పెట్టాను. దాన్ని మాత్రం ఎవరూ సందేహించలేదు.

*

కరీంనగర్

అక్కా! దండాలు తర్వాత, ముందు ఇది చదువు.

అది నోము గాదే తల్లీ! డిగ్రీ మొదటి సంవత్సరం పాఠం! పసుపు లేదు, కథ లేదు, ఫలం అస్సలే లేదు. నీ ఉత్తరం పోరగాళ్ళకు చదివి వినిపిస్తే డేరా గుంజలు పట్టుకొని నవ్విన్రు.

సరిగ అర్థమయ్యేటందుకు ఇంకోటి చెప్త. నీతోని కొట్లాడే మనిషి కుర్చీల నువ్వు కూసోవాలె. వాళ్ళ మాటను వాళ్ళ కన్న మంచిగ నువ్వు చెప్పాలె. చెప్పేటప్పుడు నవ్వొద్దు, ఎక్కిరియ్యొద్దు. మా డేరాల ఒక పిల్ల తన నాయన లెక్క మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఏడ్చేసింది.

దీనికి దీపం పెట్టకు, నీకు దండం పెడత.

కళ్యాణి

తా.క. పులిహోర చేసినవని చదివినంక ఆ బేస్తారం నా ఉపాసం మస్తు కష్టమైంది.

*

నల్లగండ్ల

చిరంజీవి కళ్యాణికి ఆశీస్సులు.

ఫలమే లేని నోము అని చెప్పాను. అందరూ చెంపలేసుకున్నారు. ఇంత గొప్ప నోము ఎక్కడా వినలేదన్నారు. కొత్తగూడ నుంచి, ఖాజాగూడ నుంచి కూడా వస్తున్నారు.

కుర్చీ నోము మీ బావగారితో చేయించాను. డైనింగు టేబులు దగ్గర నీ కుర్చీలో కూర్చోబెట్టాను. మొదట నవ్వారు. నవ్వకూడదని నియమం చెప్పాను. ఇక మొదలుపెట్టారు చూడు. నీళ్ళన్నారు, నౌకరీలన్నారు, మా యాస వింటే మీ సినిమావాళ్ళకి నవ్వెందుకన్నారు. కిటికీ తెరిచి ఉంది. లచ్చమ్మ విని, “మా సారు గూడ మనోడే!” అని బొట్టు పెట్టి, కొత్తగూడ చౌరస్తాలో రోడ్డు మీద ఉద్యమంవాళ్ళ వంటావార్పుకు తీసుకుపోయింది. ఈయన మొహమాటం మనిషి, కాదనలేకపోయారు. పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పి వచ్చారట.

ఇంటికొచ్చి మళ్ళీ నీ కుర్చీలోనే కూర్చున్నారు. “పుణ్యా, ఆ పిల్ల అన్నం ముందు నుంచి లేచి వెళ్తుంటే నేను టీవీ చూస్తూ కూర్చున్నానే” అన్నారు. 

ఇట్లు,
అక్క

తా.క. దీపం పెట్టొద్దన్నావు, పెట్టలేదు. కరెంటు కోత కదా, కొవ్వొత్తి పెట్టాను.

*

కరీంనగర్

అక్కకు దండాలు.

వంటావార్పుల మా బావనా! అబద్ధమనుకున్న. ఆడి ఫొటో ఎవరో పంపిన్రు. మెడల గులాబీ కండువా, చేతిల గంటె, మొఖంల పరేషాన్. బావనే. చానసేపు చూసిన.

రావాలని ఉన్నదక్కా. నీ చేతి రొట్టె తినాలని ఉన్నది. కానీ మాట మీద నిలబడాలె అని రోజూ పిల్లలకు చెప్పేదాన్ని, నేనే తప్పితే ఎట్ల?

నిన్న మా డేరా మీదనే ఒకటి చేయించిన. గాలికి గుంజలు విరిగితే కొత్తవి పాతినం. బట్ట చినిగితే మార్చినం. కూసునేటోళ్ళు ఎట్లాగూ రోజూ మారుతరు. మరి ఇది మొదటి రోజు డేరానేనా? సగం మంది అదే అన్నరు. నేను మాత్రం కాదన్న. కొయ్య మారితే వస్తువు మారినట్టే, పాత పేరు ఊకె పిలుస్తమంతే అని అందరి ముంగట గట్టిగ వాదించి గెలిచిన.

నీ చెల్లె,
కళ్యాణి

తా.క. బావకు చెప్పు, ఉప్పు నిజంగనే తగ్గిందట.

*

నల్లగండ్ల,
అక్టోబరు

చిరంజీవి కళ్యాణికి ఆశీస్సులు.

నీ ఉత్తరం సాయంత్రం పూజయ్యాక అందరి ముందూ చదివాను. చివరి డేరా సంగతి రెండుసార్లు చదివాను. మీ బావగారు లేచి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డారు. “గడప ఎలాగూ ఓ మూల పుచ్చిందండీ” అన్నారు. పుచ్చలేదు. నాకు తెలుసు, రోజూ పసుపు రాసేది నేను. అయినా సందేహించలేదు.

మధు వడ్రంగిని పిలుస్తానన్నాడు. లచ్చమ్మ తమ్ముడే వడ్రంగి. రేపు ఇంట్లోనే ఉంటాడట, సమ్మె కదా.

కాబట్టి ఈ సాయంత్రం ఇంట్లో అందరం కలిసి అనుకున్నది ఇది. రేపు పొద్దున నువ్వు తొక్కనన్న గడప తీసేస్తాం. కొత్త కొయ్య పెడతాం. కొయ్య మారితే వస్తువు మారినట్టేనని నువ్వే గెలిచావు. నీ మాట పోదు. దానికి పసుపు నేను పూయను. పసుపు పడేదాకా అది ఉత్త కొయ్యే, ఎవరి గడపా కాదు. నువ్వొచ్చి పూయాలి.

ఇది పాఠమని నాకు నీ మొదటి ఉత్తరంతోనే తెలుసు, చెల్లె. కానీ పాఠానికి తోబుట్టువు రానక్కరలేదు. నోము తీర్చుకోవాలంటే రావాలి.

ఇట్లు,
రొట్టెల పిండి జల్లించి పెట్టుకున్న
అక్క

తా.క. పాత గడప బాల్కనీలో వేయిస్తాం. వచ్చాక మళ్ళీ మీ బావగారి మీద అలుగుతావు కదా, దాని మీద కూర్చుందువుగాని.