మెట్టె పెట్టుకున్న బాతు

నవంబర్ 27
వచ్చాయి! చెరువు తూము పక్కన, అదే గడ్డి దిబ్బ మీద. తల వెనక రెండు నల్ల గీతలు, నారింజ రంగు కాళ్ళు. ఒకదాని కాలికి ఎవరో తొడిగిన రింగు. అందుకే దాన్ని మెట్టె అంటాను. రింగు లేనిది దాని మొగుడు. ఆడా మగా నాకేం తెలుసు, నేనే పెళ్ళి చేశాను. ఇది నాలుగో చలికాలం. కొండలు దాటొచ్చి అదే దిబ్బ వెతుక్కుంటాయి. నాకు గుడిబండె బస్టాండులో మా ఊరి బస్సు కనుక్కోవడమే కష్టం.

డిసెంబర్ 19
మంద మొత్తం మా నారుమడిలో దిగింది. మా ఆయన డబ్బా వాయించి తరిమాడు.
"మొలకలన్నీ మేస్తాండాయి. నాటేదానికి నారుండదు ఈసారి."
నిజమే. బోరు ఎండిపోయింది, చెరువు కింద ఈ మడి పోతే ఏడాది తిండి పోయినట్టే. అయినా మెట్టె మీద కోపం రాలేదు.

డిసెంబర్ 22
పొలం పహణి కాగితం కోసం గుడిబండె వెళ్ళా. మా ఆయన మడిచిన చీటీ ఇచ్చాడు. "అంగట్లో చూపించు. నారుమడికి మందు." నారు పచ్చబడే మందేమో అనుకున్నా. చీటీ విప్పలేదు. వచ్చేటప్పుడు బస్సులో సీసా నా ఒళ్ళోనే, కనకాంబరాల పక్కన.

డిసెంబర్ 24
గట్టు మీద తడి వడ్లు. ఘాటు వాసన. "విత్తనం మిగిలిందా?" అన్నా. మా ఆయన చేతులు కడుక్కోడానికి తూము దగ్గరికి పోయాడు.

డిసెంబర్ 25
పొద్దున్నే చూశా. గట్టు మీద మెట్టె మొగుడు… మెడ వెనక్కి వాలిపోయి. తూము దగ్గర ఇంకో మూడు. మెట్టె ముక్కుతో దాని రెక్క లాగుతోంది, వదలడం లేదు.
"ఏం మందది?"
"నువ్వే కదే తెచ్చినావు."
మందు. పైరుకి చల్లేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే, ఇదీ మందే. దేనికని ఒక్క మాట అడగలేదు నేను. సిగ్గుగా ఉంది. భయంగా కూడా.

డిసెంబర్ 26
మా ఆయన గుంత తీసి నాలుగింటినీ పూడ్చాడు.

జనవరి 3
మంద వేరే చెరువుకి పోయింది. మెట్టె పోలేదు. రోజూ అదే గట్టు మీదికి వస్తోంది. మొగుడు పోతే మాలో మెట్టెలు తీసేస్తారు. దీనికి తీసేవాళ్ళు కూడా లేరు. అరిచా, డబ్బా వాయించా, రాయి విసిరా. ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడే దిగింది. మొండిది.

జనవరి 5
గట్టంతా చీపురుతో ఊడ్చా. గడ్డి దుబ్బుల్లో ఇంకా గింజలు దొరుకుతున్నాయి.

జనవరి 6
మళ్ళీ నారు పోశాడు.
"ఒక్కటే కదా, ఎంత మేస్తాది?" అన్నా.
"ఒకటుంటే పది వస్తాయి. సీసా యాడ పెట్టినావు?"
చెప్పలేదు. పాడుబడిన కోళ్ళగూటిలో దాచా, రాళ్ళ కింద.

జనవరి 7
రాళ్ళు పక్కకి జరిపి ఉన్నాయి. సీసా లేదు. మా ఆయన ఇంట్లో లేడు. బయట మంచు, గట్టు కనబడడం లేదు. మెట్టె దిగే వేళకి ఇంకా కాస్త టైముంది. చీపురు తీసుకుని వెళ్తున్నా… నాలుగేళ్ళుగా దారి తప్పని పిట్టవి. ఈ ఒక్కరోజు తప్పవే, తల్లీ.