నాన్న తుడిచిన క్యాసెట్లు

అన్నయ్యా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ వీడియో గేమ్ క్యాసెట్ల పిన్నులు ఎవరో స్పిరిట్‌తో తుడుస్తున్నారని ఈమధ్యే కనిపెట్టాను. ప్రతి ఆదివారం అమ్మా నేనూ చర్చికి బయల్దేరే వేళకే నాన్నకు నడుంనొప్పి వస్తోంది. నందిగామలో ఎవరికో అమ్మేయడానికే శుభ్రం చేస్తున్నాడని అనుమానం వచ్చి, ఈ వారం ఆరాధన మధ్యలోనే ఇంటికి వచ్చేశాను.

నాన్న టీవీ ముందు కూర్చుని నీ గేమ్ ఆడుతున్నాడు.

"అమ్మేస్తున్నావా నాన్నా?"

"ఛ, అమ్మడమేంటే! రెండో స్టేజీలో ఈ గొయ్యి దాటలేకపోతన్నా. మీ అన్న ఎట్టా దూకేవాడే?"

నన్నెప్పుడైనా ఆడనిచ్చావా, తెలియడానికి? అయినా జాయ్‌స్టిక్ అందుకుని దూకించాను. బొమ్మ గోతిలో పడింది.

"నీ తప్పేం లేదులే. పిన్నుల్లో దుమ్ముంది," అంటూ నాన్న క్యాసెట్ బయటికి తీసి, మళ్ళీ దూదితో తుడవసాగాడు.