ఉప్పు దీపాల ఓడ ఏ రేవున ఆగాలి

ఛిలోయే దీవుల్లోని అచావో ఊరి కాపురస్తురాలిని, పడవలు చేసే హుస్తో మన్సియా గారి రెండో కూతురిని, పెళ్ళి చేసుకోకుండా పుస్తకాలు రాసుకుని బతికినదాన్ని అయిన ఒర్ఫెలీనా మన్సియా బరియా అనే నేను, డెబ్బై రెండో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగానే ఉందని కాస్త్రో ఊరి డాక్టరు కాగితం ఇచ్చాడు. అదేమీ లేదని మా అక్క అంటుంది. చట్టం ముందు డాక్టరు మాటే నిలుస్తుందని నోటరీ గారు భరోసా ఇచ్చారు కాబట్టి మొదలుపెడుతున్నాను.

నా గుండె ఎన్నాళ్ళు ఆడుతుందో డాక్టరు చెప్పలేదు. మెట్లు ఎక్కొద్దన్నాడు, ఉప్పు మానెయ్యమన్నాడు, మనసులో ఏదైనా బరువు ఉంటే దించుకోమన్నాడు. మొదటి రెండూ నా వల్ల కాలేదు. మూడోది అయింది. అందుకే ఈ కాగితం రాయిస్తుంటే నాకు దిగులు లేదు. రోజంతా తొడుక్కున్న తడి బూట్లు పొయ్యి దగ్గర విప్పినట్టు ఉంది.

ఇంతకు ముందు నేను రాయించిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. అవి కోపంలో రాయించినవి.

ఒకటి. నా పేరుతో అచ్చయిన "ఉప్పు దీపాల ఓడ" ఆరు సంపుటాల మీద వచ్చే రాబడిలో సగం మా అక్క సునిల్దా మన్సియాకు, సగం ఆమె కొడుకు ఎలియాసర్‌కు దఖలు పడాలి. ఆ పుస్తకాలు చదవనివాళ్ళ కోసం ఒక్క మాట. పొగమంచులో దీపాలు వెలిగించుకుని ఒక ఓడ వస్తుంది. సముద్రం మీద ఒంటరిగా దొరికిన కుర్రవాళ్ళను ఎక్కించుకుపోతుంది. ఎక్కినవాడికి వయసు పెరగదు, ఇల్లు గుర్తుండదు. అలా పోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఒక పిల్ల దీవి తర్వాత దీవి తిరుగుతుంది. ఇంతే కథ. ఇంత చిన్న కథకు ఆరు సంపుటాలు ఎందుకయ్యాయని అడిగేవాళ్ళు మా దీవుల్లో ఎప్పుడైనా వానాకాలం గడిపి చూడాలి.

రెండు. నా మోటారు పడవ కూడా ఎలియాసర్‌కే. వాడు సాల్మన్ చేపల పెంపకం కొలువు మానేసి, కథలోని దీవులు చూపిస్తానంటూ పాఠకులను పడవలో తిప్పుతున్నాడు. ఓడ బొమ్మ చొక్కాలు అమ్ముతున్నాడు. నాకు అభ్యంతరం లేదు. అయితే ఖాళీ కొట్టం ఒకటి చూపించి "మా పిన్ని ఓడను మొదట చూసింది ఇక్కడే" అని చెప్పడం మానాలి. అది మేం పందిని కట్టేసిన కొట్టం.

మూడు. ఏడో సంపుటం లేదు. మంచం కింద పెట్టెలో ఉందని, చర్చి అటక మీద దాచానని, సగం రాసి పొయ్యిలో వేశానని చాలా పుకార్లున్నాయి. పెట్టెలో ఉన్నవి ఉన్ని మేజోళ్ళు. పదకొండేళ్ళుగా నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. రాయలేకపోయాను. ఎందుకో ఐదో అంశంలో చెబుతాను. నోటరీ గారు ఇలాంటివి వీలునామాలో రాయరని గొణుగుతున్నారు. రాయండి అన్నాను.

నాలుగు. ఇక అందరూ చెవులు నిక్కించుకుని ఎదురుచూస్తున్న సంగతి. శాంతియాగోలోని సినిమా కంపెనీ నా పుస్తకాలను తెర మీదికి తేవడానికి ఒప్పందం చేసుకున్నప్పుడు, నేను పట్టుబట్టి ఒక మాట రాయించుకున్నాను. నేను సరే అననిదే ఒక్క పేజీ కూడా తెరకెక్కకూడదు. నా తర్వాత ఈ హక్కు నా వారసులకు. దీన్ని మా ఇంట్లో "కాదు" అని పిలుస్తారు. ఆస్తిలో అన్నిటికన్నా దీనికే గిరాకీ. ఎలియాసర్ అడిగాడు. వాడి పెళ్ళాం రెండుసార్లు కేకు చేసుకొచ్చి అడిగింది.

ఈ "కాదు"తో నేను ముగ్గురు రచయితలను తరిమేశాను. మొదటాయన మా దీవుల్లో రాతి కోటలు కట్టాడు. చర్చిలు కూడా చెక్కతో కట్టుకునే ఊళ్ళు ఇవి. రెండో ఆయన, తమ్ముణ్ణి వెతికే పిల్లకు ఓడ కెప్టెన్‌తో ప్రేమ పెట్టాడు. మూడో ఆయన డ్రాగన్‌ను తెచ్చాడు. మా సముద్రంలో డ్రాగన్ ఏం చేస్తుంది, చలికి చస్తుంది. మొదటి ఇద్దరికీ నా ఊదారంగు బంగాళాదుంపలు తలా ఒక బస్తా పంపాలి. మూడో ఆయనకు నా మందపాటి ఉన్ని దుప్పటి. డ్రాగన్‌కు కప్పమని.

నాలుగో మనిషి మకరేనా రియోస్. వల్పరైసో ఊరి పిల్ల, అప్పటికి ముప్పై కూడా లేవు. ఆమె రాసినవి ఎన్నిసార్లు తిప్పి పంపానో నాకే గుర్తులేదు. చివరికి ఎందుకు కాదంటున్నానో మొహం మీదే అడగాలని బయలుదేరి వచ్చింది. వచ్చిన రోజున మా ఊళ్ళో ఇల్లు లాగుతున్నారు. ఆ ఇల్లు మా అక్కది. సముద్రం ఒడ్డును కొరికేస్తూ ఆమె గుమ్మం దాకా వచ్చింది. పైన చదును నేల ఉన్నది నా ఆపిల్ తోట పక్కనే, అదీ నాదే. మా ఇద్దరికీ అప్పటికి చాలా ఏళ్ళుగా మాటల్లేవు. ఆమె అడగదు, నేను పిలవను. మధ్యలో రొసామెల్ చిగ్వాయ్ వచ్చి అడిగితే ఆ చోటు ఇచ్చాను. మా ఊళ్ళో ఏ ఇల్లు కదలాలన్నా అతనే ముందుండి లాగించాలి.

ఇంటిని దుంగల మీదికెత్తి, తాళ్ళు కట్టి, ఎడ్లను పూన్చి ఊరంతా లాగడం మొదలుపెట్టారు. ఊరికే నిలబడ్డ చేతులంటే రొసామెల్‌కు పడదు, మకరేనా చేతిలో తాడు పెట్టాడు. అక్క ఇంట్లోంచి దిగనని మొండికేసి కిటికీలోంచి కేకలు. "ఒరేయ్ రొసామెల్, ఎడమకిరా! మెట్లు విరుగుతున్నాయిరా, కళ్ళు కనబడట్లేదా!" తోటలోంచి నేను. "కుడికి లాగవయ్యా, నా చెట్టు మీదికి తెస్తున్నావు!" రొసామెల్ ఈల వేసి ఎడ్లన్నిటినీ ఆపేశాడు. టోపీ తీసి మా ఇద్దరి వైపూ చూశాడు. "అక్కలూ, ఒక్క మాట. ఇల్లు ఎక్కడ దించాలో చెప్పండి, సరిగ్గా అక్కడే దించుతాం. ఎలా లాగాలో కూడా మీరే చెబుతామంటే, ఇదిగో తాడు. నేను ఇంటికెళ్ళి పడుకుంటా." ఊరంతా పగలబడి నవ్వింది. అక్క, "కిటికీ సముద్రం వైపు ఉండాలి. అంతే" అంది. దిగివచ్చి, లాగేవాళ్ళకు వంట చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

ఇల్లు పైకి చేరేసరికి అద్దాలు పగిలాయి, మెట్లు విరిగాయి, పొగగొట్టం వంకరపోయింది. కిటికీ మాత్రం సముద్రం వైపే నిలిచింది. సాయంత్రం విందులో మకరేనా బొబ్బలెక్కిన అరచేతులతో నా పక్కన కూర్చుంది. మేం చిచా అనే ఆపిల్ కల్లు ఒక గ్లాసు తాగింది. తర్వాత మెల్లగా, "అమ్మా, మీ ఓడ ఏ రేవున ఆగాలో చెప్పండి చాలు" అంది.

  మర్నాడే నేను కంపెనీకి రాసిచ్చాను. మిగతా "కాదు"లన్నీ వదులుకుంటున్నాను, ముగింపు ఒక్కటి తప్ప. ఆ తర్వాత మకరేనా కెప్టెన్‌ను ఆడమనిషిని చేసింది. మూడు దీవులను కలిపి ఒకటి చేసింది. మాట్లాడే కుక్క ఉన్న అధ్యాయం, నాకు ప్రాణమైనది, మొత్తం ఎత్తేసింది. పగిలిన అద్దాలు అనుకున్నాను. నా రాతకుర్చీ, దాని మీది గొర్రెతోలుతో సహా, మకరేనా రియోస్‌కు చెందాలి. "కాదు" అన్నవన్నీ ఆ కుర్చీలో కూర్చునే అన్నాను. ఆమెకైనా వేరే మాట వస్తుందేమో చూడాలి.

ఐదు. మిగిలిన ఒక్క "కాదు" గురించి.

మాకు అబ్దోన్ అని ఒక తమ్ముడు ఉండేవాడు. అమ్మ వాణ్ణి కనగానే పోయింది. పెంచింది అక్కే. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక తెల్లవారుజామున ఆల్చిప్పల కోసం పడవేసుకుని వెళ్ళాడు. పడవ దొరికింది. వాడు దొరకలేదు. ఆ రోజు నుంచి అక్క తన కిటికీలో దీపం పెడుతోంది. నేను పుస్తకం రాశాను.

మొదటి సంపుటం చదివి అక్క నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "వాణ్ణి నేను దేవుడి దగ్గర ఉంచానే. నువ్వు దయ్యాల ఓడ ఎక్కించి ఊరూరా అమ్ముకున్నావు" అంది. అదే ఆఖరి మాట. నా పుస్తకంలో వాడు చావలేదన్న సంగతి ఆమె చూడలేదు. చావకుండా ఉండాలనే రాశాను. ఆరు సంపుటాలు వాడికి వయసు పెరగకుండా, తలలో వెంట్రుక రాలకుండా చూసుకున్నాను. ఏడోది రాయాలంటే రెండే దారులు. వాడు రాడు అని రాయాలి, చెయ్యి ఆడలేదు. వస్తాడు అని రాయాలి, అక్క కిటికీలో దీపం చూసినప్పుడల్లా అంత అబద్ధం ఆడే ధైర్యం చాల్లేదు. ఆ రెంటిలో ఏదీ ఇంకెవరూ రాయకూడదనే "కాదు"ను గుప్పిట్లో బిగించి కూర్చున్నాను. డాక్టరు చెప్పిన బరువు ఇదే.

పోయిన ఏడాది చలికాలంలో మా రేవులోనే షూటింగు పెట్టారు. తమ్ముడు ఓడెక్కే దృశ్యం. వేషం వేసినవాడు అంకుద్ ఊరి కుర్రాడు, పేరు ఎలాదియో. తడిసి పైకి రావడం, మళ్ళీ నీళ్ళలోకి దిగడం, పొద్దున్నుంచీ అదే పని. అక్క ఒడ్డుకు వచ్చింది. కంపెనీవాళ్ళను దులిపేద్దామని వచ్చిందని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. కుర్రాడు పళ్ళు టకటకలాడిస్తూ మూడోసారి దిగబోతుంటే, ఆమె నేరుగా కెమెరా ముందుకు నడిచి వాడి చెయ్యి పట్టుకుంది. "ఏ తల్లి కన్న పిల్లాడ్రా వీడు, చంపేస్తారా ఏంటి?" అని అందరినీ కసిరి ఇంటికి లాక్కుపోయింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తల తుడిచింది. వేడివేడి బంగాళాదుంప రొట్టెలు పెట్టింది. వాడు ఇంకోటి అడిగాడట. ఇంకోటి అడిగాడని ఇప్పటికీ కనబడ్డవాళ్ళందరికీ చెబుతుంది.

ఆ సాయంత్రం ఆమె మా ఇళ్ళ మధ్య కంచె చుట్టూ తిరిగి నా గుమ్మంలోకి వచ్చింది. పలకరింపు లేదు, కూర్చోవడం లేదు.

"ఒసేయ్ ఒర్ఫెలీనా, నీ ఓడ మీద వాడికి చలేస్తోందే. ఇక దింపు."

నేను తలుపు పట్టుకుని ఏడ్చేశాను. ఆమె నన్ను తిట్టింది, ఏడవొద్దని కాదు, పొయ్యి ఆరిపోయిందని. తనే రాజేసింది. ఈ ఏప్రిల్‌లో బడి హాల్లో మొదటి భాగం చూపించినప్పుడు ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. తమ్ముడు తెర మీదికి వచ్చిన ప్రతిసారీ ఆమె నా మోచెయ్యి గిల్లింది. నా చెయ్యి ఇంకా నల్లగానే ఉంది.

కనుక ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. ఓడ ఆగాల్సింది అచావో రేవున. తమ్ముడు దిగాలి. తన కాళ్ళతో, తడి బట్టలతో దిగాలి. ఎవరో ఒకరు వాడికి వేడిగా తిండి పెట్టాలి. ఎప్పుడు, ఏ సంగీతంతో, ఎవరి కళ్ళ ముందు అన్నది మకరేనా ఇష్టం. ఎలా లాగాలో చెప్పను. ఈ ఒక్క సంగతి జరిగేలా చూసే హక్కు మా అక్క సునిల్దాకు, ఆమెకు మాత్రమే సంక్రమిస్తుంది. ఆ దృశ్యం తీసిన రోజుతో "కాదు" ముగిసిపోతుంది. ఆపైన వారసులెవరికీ దాని మీద హక్కు లేదు. కేకు ఎంత బాగున్నా సరే.

ఆరు. ఇల్లు దిగిన వారానికే అక్క మా రెండు ఇళ్ళ మధ్య వేయించిన కంచె. అది ఉన్నది నా నేల మీద కాబట్టి అది నాదేనని నోటరీ గారు తేల్చారు. దాన్ని పీకి కర్రలు అక్క పొయ్యికి ఇవ్వాలి. నేను బతికుండగానే పీకినా అభ్యంతరం లేదు.

ఏడు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత రొసామెల్ చిగ్వాయ్‌కు అప్పగిస్తున్నాను. చట్టం తెలిసినవాణ్ణి పెట్టుకోమని చాలామంది అన్నారు. బరువైనదాన్ని కూలిపోకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం అతనికి తెలుసు. నాకు అది చాలు.

నాకు ఇంకేమీ చెప్పాలని లేదు. పదకొండేళ్ళ తర్వాత ఈ మధ్య రాత్రిళ్ళు నిద్ర పడుతోంది.

అచావోలో, రెండు వేల ఇరవై మూడవ సంవత్సరం జూలై పద్నాలుగో తేదీన, చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకుని చేసిన సంతకం:

ఒర్ఫెలీనా మన్సియా బరియా

సాక్షులు:
ఫ్రెసియా ఓయార్సున్, రేవులో టిక్కెట్లు అమ్మే ఆమె
తెయోదోరో కార్దెనాస్, చర్చి వడ్రంగి
మిరేయా బెర్గారా, బడి పంతులమ్మ

నోటరీ అమాదోర్ ఉయోవా గమనిక: వీలునామా వల్ల లబ్ధి పొందే వ్యక్తి సంతకానికి విలువ లేదని చెప్పినా వినక, పిలవకుండానే హాజరైన శ్రీమతి సునిల్దా మన్సియా తన మాట కూడా కాగితం మీదికి ఎక్కాలని పట్టుబట్టారు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "దిగగానే వాడికి పొడి మేజోళ్ళు తొడగాలి. అబ్దోన్‌కని అల్లినవి నా దగ్గరే ఉన్నాయి. అవి ఇస్తాను."