లాండ్రీలో చెప్పిన సాక్ష్యం

అమ్మకు వందనాలు. నేను క్షేమం. ఎవరి నోటనైనా ఏదైనా విని బెంగపెట్టుకోకు.

మా లాండ్రీలో ఇస్త్రీ మిషన్‌లో పడి పెద్దక్క చెయ్యి కాలిపోయింది. నా పక్కనే పనిచేసే ఆవిణ్ణి అందరం అలాగే పిలుస్తాం. పని త్వరగా తెమలాలని, చేతులు లోపలికి పోకుండా ఉండే రేకును సూపర్‌వైజరే తీయించాడు. విచారణకు ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందనగానే మమ్మల్ని పిలిచి, "ఆవిడే పరధ్యానంగా చెయ్యి పెట్టిందనండి. పని కావాలో వద్దో మీ ఇష్టం," అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి అందరినీ కూర్చోబెట్టి అడిగింది. నా ముందువాళ్లు తల వంచుకుని, "మేం చూళ్లేదండీ," అన్నారు. పని పోతే ఇల్లెలా గడుస్తుంది? "ప్రభువా, నాకు ధైర్యం చాలడం లేదు, పక్కన నిలబడు," అని లోలోపలే అనుకున్నాను. భయం పోలేదమ్మా. ఆ భయంతోనే, "రేకు ఆయనే తీయించారండీ, నేను చూశాను," అనేశాను. కాసేపటికి బట్టలు మడతపెట్టే ముసలావిడ, "నేనూ చూశానమ్మా," అంటూ లేచింది. ప్రభువు చేసిన మేళ్ల గురించి చర్చిలో ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పానో! నిజంగా చెప్పింది మాత్రం ఆ రోజేననిపించింది.

పెద్దక్కకు యజమానే వైద్యం చేయించాలని తేల్చారు. వేళ్లు కదులుతున్నాయి.

పాపకు దగ్గు తగ్గిందా? కిటికీ పక్కన పడుకోబెట్టకు. తమ్ముడితో చదువు మానొద్దన్నానని చెప్పు.

రేపు నన్ను పనిలోకి రానిస్తారో లేదో తెలియదు. అయినా వెళ్తాను. గేటు దగ్గర నా కాళ్లు వెనకాడకుండా ప్రార్థన చెయ్యి. నాన్నకు వందనాలు, పాపకు ముద్దులు.

నీ కూతురు